పక్షియు, దాని నెలవును



ఎవరి సంస్మరణార్థము ఈ ధర్మనిధి ఏర్పడినదో ఆ చిత్రలేఖనోపాధ్యాయుడు తన జీవితకాలములో ఒక్క ప్రదర్శనమునైనను ఏర్పాటు చేసికొనలేదు, బిరుదములకై ప్రాకులాడలేదు. ఉన్నత పాఠశాలలో తరతరముల పిల్లలకు పెన్సిలు పట్టుట నేర్పి, సెలవుదినములలో వారిని చెరువుగట్టునకు తోడ్కొనిపోయి, కనబడినదానిని కనబడినట్లు గీయుడని మాత్రమే చెప్పి, ఆ మాటకు కట్టుబడి తానును వారి ప్రక్కనే కూర్చుండి గీసినవాడాయన. శిష్యులు తలా కొంత వేసికొని ఈ వార్షికోపన్యాసమునకు మూలధనము సమకూర్చుట ఆయనకు జరిగిన యథార్థమైన సన్మానము. ఈ యేడు ఈ వేదికనుండి మాటలాడు భారమును నాపై నుంచిన ధర్మకర్తలకు నమస్కరించి విషయమునకు వచ్చెదను.

నేను ఎన్నుకొన్నది వన్యపక్షుల చిత్రణము. అందును పంజరములలోను, రాజోద్యానములలోను పెరుగు పక్షులను గూర్చి గాక, పొలములందును, చెరువులందును, పల్లెవాకిళ్లయందును తమ ఇచ్చవచ్చినట్లు సంచరించు పక్షులను, అవి సంచరించు పట్టులతో గూడ చిత్రించుటను గూర్చి. నేను స్థాపింపదలచిన ప్రతిపాదన ఒక్కటే: పక్షి నెలవును చిత్రింపనివాడు సగము పక్షినే చిత్రించినవాడగును. నేలయు, గడ్డియు, నీరును, మంచును, కోసిన చేనిలోని కొయ్యకాళ్లును పక్షి వెనుక వ్రేలాడగట్టిన తెరలు కావు. దాని వన్నెకును, ఆకారమునకును, నిలుచు తీరునకును అవియే కారణములు. కారణమును విడిచి కార్యమును మాత్రమే చూపు చిత్రము ఎంత నేర్పుతో వ్రాసినదైనను అసమగ్రముగనే యుండును.

ఈ ప్రతిపాదనకు ఎదురు నిలుచు సంప్రదాయమును మొదట పరిశీలించుట న్యాయము. ఏలయన అది అల్పమైనది కాదు. జహంగీరు చక్రవర్తి ఆస్థానమున ‘నాదిరుల్ అస్ర్’, అనగా యుగమునకు అద్వితీయుడు, అను బిరుదమును పొందిన ఉస్తాద్ మన్సూరు ఈ సంప్రదాయమునకు శిఖరము వంటివాడు. 1612లో గోవా నుండి చక్రవర్తికి వింత కానుకగా వచ్చిన టర్కీకోడి చిత్రమొకటి ఆయన కృతిగా ప్రసిద్ధి చెందినది; ఆ కోడి మెడపై ముడుతలుపడి వ్రేలాడు ఎర్రని చర్మమును గాని, తోకలోని ఈకల వరుసలను గాని చూచినవాడు ఇంతకంటె నిశితమైన దృష్టి మానవునకు సాధ్యమా అని అబ్బురపడక మానడు. సైబీరియా క్రౌంచమును ఐరోపా శాస్త్రజ్ఞుడు పల్లాస్ 1773లో వర్ణించి నామకరణము చేయుటకు ఒకటిన్నర శతాబ్దము ముందే మన్సూరు దానిని చిత్రించి యుండెను. అయినను ఆ టర్కీకోడి నిలిచినది నేలపై కాదు, కాగితముపై. అది ఎచటి పక్షియో, ఏమి తిని బ్రతుకునో, దేనికి జడిసి పరుగిడునో ఆ చిత్రము చెప్పదు; చెప్పవలెనను కోరికయు దానికి లేదు. సముద్రములు దాటి వచ్చిన పక్షికి ఆస్థాన ప్రాంగణమున నెలవు ఎక్కడిది?

కలకత్తాలో ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపీ భార్య మేరీ ఇంపీ 1777 మొదలు 1782 వరకు వ్రాయించిన మూడు వందలకు పైబడిన చిత్రముల విషయమును ఇట్టిదే. పాట్నా నుండి వచ్చిన షేక్ జైనుద్దీన్, భవానీదాస్, రామదాస్ అను మువ్వురు చిత్రకారులు ఇంగ్లండు నుండి దిగుమతియైన పెద్ద కాగితములపై, తోటలో పెంచిన పక్షులను ఎదుట పెట్టుకొని, ఒక్కొక్క ఈకను వేరువేరుగ లెక్కించి వ్రాసినట్లు వ్రాసిరి. ఒక కొమ్మ, నాలుగాకులు, అప్పుడప్పుడు ఒక పురుగు, తక్కినదంతయు తెల్లదనమే. వారికి నేర్పు తక్కువై నెలవును విడిచిరనుట అపచారము. తోటలోనికి వచ్చిన పక్షి తన నెలవును వెలుపలనే విడిచి వచ్చినది. కంటియెదుట లేనిదానిని కల్పింపక పోవుట వారి నిజాయితీకే నిదర్శనము.

మన దక్షిణదేశమున మరియొక న్యాయమూర్తి భార్యను ఇచ్చట స్మరింపవలెను. ఆమెకును మన భాషకును సంబంధము కలదు. 1801లో మద్రాసునకు వచ్చిన ఎలిజబెత్ గ్విలిమ్ ఇతరులచేత వ్రాయించుట మాని, తన చేతనే పక్షులను నీటిరంగులతో చిత్రించెను. తీరికవేళల తెలుగు నేర్చుకొనెను. 1807లో ఆ నగరముననే మరణించెను. ఆమె వ్రాసిన నూట యిరువదియొక్క పక్షిచిత్రములు శతాబ్దమునకు పైగా ఎవరికిని తెలియకుండ పడియుండి, 1920 దశకములో లండనులో ఒక పక్షిశాస్త్రాభిమాని కంటబడి, నేడు కెనడాలోని మాంట్రియల్ నగరమున మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో భద్రముగా నున్నవి. వానిలో కొన్నిటియందు పక్షి కాళ్లక్రింద నేలయు, దూరమున ఆ ప్రాంతపు బయలును సూచింపబడినవి. తెల్లకాగితము నుండి నేలమీదికి పక్షి ఒక అడుగు వేసినది.

అంతకు కొంచెము ముందే ఆ అడుగును సంపూర్ణముగ వేయించినవాడు ఇంగ్లండు ఉత్తరభాగమున జన్మించిన ఒక పల్లెటూరి కాపు బిడ్డ. టైన్ నదీప్రాంతమున, న్యూకాసిల్ పట్టణమునకు సమీపమున, చెర్రీబర్న్ అను చోట 1753లో పుట్టిన థామస్ బ్యూయిక్, పదునాలుగవ యేట లోహముపై చెక్కు పనివాని యొద్ద శిష్యుడుగ చేరి, తరువాత బాక్స్ అను గట్టికొయ్యను అడ్డకోతగ కోసిన ముఖముపై ఉక్కు ములికితో బొమ్మలు చెక్కు విద్యలో సాటిలేనివాడయ్యెను. బ్రిటిష్ పక్షుల చరిత్రమునకై ఆయన 1791లో విక్లిఫ్ అను ఊరికి పోయి, అచట ఒక భూస్వామి సేకరించిన కూరుడు పక్షులను చూచి గీయుటకు పూనుకొనెను గాని, వాని కొయ్యబారిన నిలుకడ ఆయనకు తృప్తి నీయలేదు. అటుపిమ్మట కొత్తగా చచ్చినవానినో, ప్రాణముతో నున్నవానినో చూచి గీయుటయే మేలని నిశ్చయించుకొనెను. 1797లో నేలపక్షుల సంపుటమును, 1804లో నీటిపక్షుల సంపుటమును వెలువడినవి. అరచేతిలో నిముడు ఆ కొయ్యబిళ్లలపై పక్షితోపాటు దడియు, గడ్డివామియు, రాతిగోడయు, దూరమున పొగ వెడలు ఇల్లును చోటుచేసికొన్నవి. అధ్యాయాంతములందు మిగిలిన ఖాళీలో వానలో తడియుచు నడచు బాటసారి మొదలుగా గల పల్లెబ్రదుకు చిరుచిత్రములు వెలసినవి. ఆయన పద్ధతిలో ఒక విశేషము గమనింపదగినది. సిరా పూసి అచ్చొత్తినపుడు చెక్కని భాగము నల్లగను, చెక్కిన గీత తెల్లగను పడును గనుక, ఆయన చీకటిలోనుండి వెలుగును తొలచుచు పోవువాడు. ఈకను తొలచిన ములికియే గడ్డిపోచను గూడ తొలచును. పక్షికి ఒక పనితనము, పరిసరమునకు మరియొక పనితనము అను భేదము ఆ కొయ్యబిళ్లపై సాధ్యమే కాదు.

ఇక నా ప్రతిపాదనకు ముఖ్యసాక్షి స్వీడన్ దేశీయుడు బ్రూనో లిల్యెఫోర్స్. ఉప్సలా నగరమున 1860లో పుట్టి, స్టాక్‌హోమ్ లలితకళా పరిషత్తులో కొంతకాలము చదివి, 1882లో జంతుచిత్రణము నభ్యసించుటకై జర్మనీలోని డ్యుస్సెల్‌డార్ఫ్ నగరమునకు పోయి, పిదప ఇటలీ చూచి, ఫ్రాన్సులో స్కాండినేవియా చిత్రకారులు గుమిగూడిన గ్రే గ్రామమున కొన్నాళ్లుండి, తుదకు స్వదేశపు పొలములకును అడవులకును తిరిగివచ్చి, 1939లో మరణించువరకు వానినే చిత్రించినవాడు. ఆయన వేటగాడు. ఈ మాటను దాచవలసిన పని లేదు. వేటగానికి పక్షి ఎచట కూర్చుండునో, ఏ వేళ లేచునో, ఏ పొదలో మాయమగునో తెలియనిచో ఆ పూట చేతులు ఊపుకొనుచు ఇంటికి రావలసినదే గనుక, నెలవును చదువు విద్య ఆయనకు కుంచె పట్టకముందే పట్టుబడినది. దీనికి తోడు నక్కలు, కుందేళ్లు, పలువిధముల పక్షులు మొదలగువానిని ఇంటియొద్ద పెంచి, వాని కదలికలను నిత్యము పరిశీలించుచుండెను.

1884 నాటి ఆయన చిత్రమొకటి డేగ గ్రౌస్ పక్షులపై బడుటను చూపును; గ్రౌస్ అనగా ఆ చలిదేశములలో నుండు నల్లని అడవికోడి వంటి పక్షి. ఆ చిత్రము తయారైన క్రమమును ఆయనయే చెప్పియున్నాడు. డేగయు గ్రౌసును చచ్చినవి. వానిని ఆరుబయట పొదల నడుమ నమర్చి, ప్రాణమున్నట్లు తోచుటకై కొమ్మలను వంచి, ఆ చలిలో అచటనే నిలిచి వ్రాసెను. కాని చచ్చిన పక్షులతో పని ముగియలేదు. తాను పూర్వము నివసించిన ఎహ్రెన్‌టూనా పల్లెలోని కుటీరము చుట్టును పచ్చికబయళ్లలో గ్రౌసుగుంపులు మసలిన తీరు ఆయన మనస్సులో నిలిచియుండెను. దేహము మృతమైనది, నెలవు సజీవమైనది. చూచువానికి ఆ చిత్రమున ప్రాణము తోచినచో, అది పొదల యందును ఆ బయలు జ్ఞాపకమందును నున్న ప్రాణమే గాని వేరు గాదు. మన్సూరు ఎదుట సజీవమైన పక్షి నిలిచినది, నెలవు లేదు. లిల్యెఫోర్స్ ఎదుట నెలవు నిలిచినది, పక్షి నిర్జీవము. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు నా ప్రతిపాదన కేవలము మాటల నేర్పు కాదని మీకు తోచునని నమ్ముచున్నాను.

1886లో వ్రాసిన చిత్రమున పూచిన పచ్చికబయలుపై వానకోవెలలు దూసుకొని పోవుచుండును. ఆకాశమున ఎగురు పక్షులను ఆకాశముపై గాక నేలపై నిలిపి చూపుట సామాన్య చిత్రకారునకు తోచని యోచన. 1901 నాటి మరియొక చిత్రమున సాయంకాలపు నీటిపై అడవిబాతులున్నవి. అలల నడుమ పడిన బంగారు వెలుగును, నల్లని నీడలును మచ్చలు మచ్చలుగ అల్లుకొనుటచే ఆ చిత్రమునకు ‘చిరుతపులి చర్మము’ అను పేరు వాడుకలోనికి వచ్చినది. బాతులను వెదకి పట్టుకొనవలెను. ఒక మచ్చ కదలినట్లయి, అది నీడ కాదు పక్షి యని తెలియుటకు కొంత సేపు పట్టును. చెరువుగట్టున సంధ్యవేళ నిలిచినవానికి కలుగు అనుభవము అదియే గదా! పక్షిని స్పష్టముగ చూపుటకంటె, పక్షి కనబడు విధమును చూపుట ఆయనకు ముఖ్యమైనది. 1893లో స్టాక్‌హోమ్ నగరమున గుస్టాఫ్ కోల్‌తోఫ్ ‘జీవశాస్త్ర ప్రదర్శనశాల’ను స్థాపించి, కూరుడు జంతువులను వర్తులాకారముగ నమర్చి, చూపరి నడుమ నిలిచి చుట్టును చూచునట్లు ఏర్పరచినపుడు, వాని వెనుక కొండలను, సముద్రమును, అడవిని చిత్రించుటలో లిల్యెఫోర్స్ పాలుపంచుకొనెను. శాస్త్రజ్ఞుడు సేకరించిన మృతదేహములకు నెలవు నిచ్చుటకు చిత్రకారుడు కావలసివచ్చెనన్నమాట.

పక్షి వన్నెకు నేలయే కారణమని ఇంతకుముందు చెప్పితిని. దీనిని సిద్ధాంతరూపమున లోకమునకు చాటినవారిలో అగ్రగణ్యుడును చిత్రకారుడే యగుట విశేషము. అమెరికా దేశీయుడైన ఆబట్ థేయర్, పక్షి వీపు ముదురువన్నెగను కడుపు తెల్లగను ఉండుటకు గల కారణమును 1896లో వివరించెను: వెలుతురు పైనుండి పడును గనుక కడుపు నీడలో నల్లబడవలెను, తెల్లని ఈకలు ఆ నీడను చెరపివేయుటచే పక్షి గుండ్రదనము పోయి చదునుగ తోచును, చూచు కంటికి దేహమే లేనట్లగును. చిత్రకారుడు వెలుగునీడలతో చదునైన కాగితముపై గుండ్రదనమును కల్పించువాడు. ప్రకృతి ఆ విద్యనే తలక్రిందులు చేసినదని కనిపెట్టుట చిత్రకారునకే చెల్లినది. కాని 1909లో వెలువడిన గ్రంథమున ఆయన ఈ సూత్రమును మితిమీరి లాగి, రాజహంసల వంటి ఎర్రని ఫ్లెమింగోలు ఉదయాస్తమయకాలపు ఆకాశములో కలిసిపోవుటకే ఆ వన్నె ధరించినవని వాదించుటయు, థియోడర్ రూజ్‌వెల్టు దానిని తీవ్రముగ ఖండించుటయు జరిగెను. ఏ పక్షిని ఆ పక్షి నెలవులో పరిశీలింపక, అన్నిటికి ఒకే తాళపుచెవి వేయబూనుట శాస్త్రమునకును కళకును చెరుపే.

ఈ సందర్భమున రెండు ఆక్షేపణలు పుట్టును. పక్షులను గుర్తించుటకు ఉపకరించు పుస్తకములలో వట్టి కాగితముపై పక్షిని మాత్రమే చూపుట సౌకర్యము కాదా యనునది మొదటిది. నిశ్చయముగ సౌకర్యమే. 1941లో సలీం అలీ ప్రకటించిన భారతీయ పక్షుల గ్రంథమును చేతబట్టి చెరువునకు పోవువాడు నెలవును పుస్తకములో వెదకడు, ఎదుటనే చూచును; అచట చిత్రము ఆనవాలు పట్టుటకు సాధనము. ఆనవాలు పటమును చిత్రమను భ్రాంతి కలుగరాదని మాత్రమే నా మనవి. ఇక కెమెరా ఉండగా కుంచె ఏల యనునది రెండవది. దూరపు కటకముతో తీసిన నేటి ఛాయాచిత్రమును జాగ్రత్తగ చూడుడు. పక్షి కంటిలోని మెరపు సైతము స్ఫుటముగ పడును. దాని వెనుకనున్న తుమ్మచెట్టును, పంటకాలువయు, మేకల మందయు కరగిపోయి ఒక పచ్చని పొగగ మారును. అనగా ఎంతో శ్రమించి, ఎంతో వ్యయమునకోర్చి, తిరిగి జైనుద్దీన్ తెల్లకాగితమునకే చేరితిమి! చిత్రకారునకు ఆ నిర్బంధము లేదు. దగ్గరనున్న పక్షిని, దూరమున నున్న గట్టును, ఉదయము చూచినదానిని, మధ్యాహ్నము చూచినదానిని ఒక్క చట్రములో కూర్చగలడు.

ఇప్పుడు మన నేలకు వత్తము. వేసవిలో నీరింకి నెరియలు విచ్చిన చెరువుకడుపున తీతువు నిలుచును. తలయు ఱొమ్మును నలుపు, కంటి వెనుకనుండి మెడ ప్రక్కగ దిగు తెల్లని చార, కంటిముందు ఎర్రని చర్మపు మడత, వీపు కంచువన్నె గోధుమరంగు, కాళ్లు పసుపుపచ్చ. ఇన్ని వన్నెలు గల పక్షి ఎట్లు దాగునని మీరడుగవచ్చును. అది నిలుచుండినంతసేపు, ఆ నలుపు నెరియలోని నీడగను, ఆ తెలుపు ఎండిన గుల్లపెంకుగను, ఆ గోధుమరంగు బురద పెళ్లగను చూపరి కంటికి విడివిడిగ తోచునే గాని, అన్నియు కూడి పక్షి కావు. దాని గుడ్లు మరియు వింతయైనవి: గూడు లేదు, నేలపై చిన్న పల్లము, చుట్టును నాలుగు గులకరాళ్లు, మట్టిరంగుపై నల్లని మచ్చలు గల గుడ్లపై కాలు పడబోవువరకు మనకు తెలియదు. ఈ పక్షిని తెల్లకాగితముపై వ్రాసినచో రంగురంగుల అలంకారముగ కనబడి, ఆ రంగులన్నియు దాగుటకే ఏర్పడినవను సత్యము మరుగుపడిపోవును. జొన్నకోసిన చేనిలో కౌజుపిట్ట వీపుపైనున్న సన్నని చారలును ఇట్టివే. కొయ్యకాళ్ల నీడలను వ్రాయుట తెలిసినవాడు సగము కౌజును వ్రాసినట్లే.

దాగుకొననక్కరలేని పక్షులును మనకున్నవి. చిలమత్తూరు ప్రాంతమున వీరాపురమునకు ఏటేట వచ్చు ఎర్రకాళ్ల కొంగలు ఊరినడుమ చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను లేపును. శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురమున గూడబాతులును వానితో గూడి వచ్చును. గ్రామస్థులు వానిని శుభసూచకములుగ నెంచి కాచుకొందురు. ఇచట చిత్రకారునకు నెలవనగా అడవి కాదు, చింతచెట్టు. చింతచెట్టు క్రింద రెట్టపడి తెల్లబారిన పెంకుటిల్లు. అరుగుపై కూర్చున్న ముసలాయన. ఆయన నెత్తిపై నుండి, పసుపుపచ్చని ముక్కున చేపను తెచ్చు కొంగ. ఆ ముసలాయనను తీసివేసినచో ఆ కొంగ అచట ఎందుకున్నదో చెప్పుటకు చిత్రములో నెవరును మిగులరు.

తుదకు కలివికోడి ముచ్చట. నెల్లూరులో వైద్యుడుగ పనిచేసిన జర్డన్ దొర, మద్రాసులోని దేశీయ చిత్రకారులచేత దక్షిణదేశ పక్షులను వ్రాయించి 1840 దశకములో గ్రంథముగ ప్రకటించినవాడు, ఈ పక్షిని గూడ 1848 ప్రాంతమున శాస్త్రలోకమునకు తెలిపెను. 1900 తరువాత అది ఎవరి కంటను పడక, అంతరించినదనియే అందరు తలంచియుండగ, 1986లో కడపజిల్లా పొదలలో మరల కనబడెను. దానిని వెదకి చూపుటలో అచటి పిట్టలు పట్టువారి ఎఱుకయే తోడ్పడినది. ఱొమ్ముపై రెండు పట్టెలు గల ఈ చిన్నపక్షి రాత్రివేళనే మెలగును. నేటి చిత్రకారునకు అది దొరకుట దుర్లభము. కాని అది తిరుగు ముళ్లపొదల బయలు, ఆ పొదల మధ్యనున్న గరపనేల, ఆ మట్టి ఎరుపు పట్టపగలు ఎవరైనను పోయి చూడవచ్చును, గీయవచ్చును. పొదలు మరీ దట్టమైనను, అంతయు నరికివేసినను ఆ పక్షికి బ్రతుకు లేదు; రెంటికి నడుమనున్న పలుచదనమే దానికి ఇల్లు. ఆ పలుచదనమును కొలిచి వ్రాయగల చిత్రకారుడు పక్షిని చూడకయే దాని బ్రతుకును గూర్చి నిజము చెప్పినవాడగును.

యువచిత్రకారులకు నేను చెప్పదలచినది క్లుప్తము. పక్షికై వెదకుటకు ముందు చోటును ఎన్నుకొనుడు. అచట ఏ మాసమున ఏ పైరుండునో, నీరు ఎంతవరకు వచ్చునో, ఎండ ఎటునుండి పడునో చిత్రము వెనుక తేదీతో వ్రాసికొనుడు. నేలను మొదట రంగువేయుడు. పక్షిని తరువాత తెచ్చి దానిలో నిలుపుడు. ఆ నేలరంగునే కొంచెము నీటితో పలుచజేసి పక్షి కడుపునీడలో వాడుడు, అపుడు రెండును ఒక్క వెలుతురులో నిలుచును. ఊరి పాఠశాలలు ఈ పనికి పూనుకొన్నచో, ఒక్కొక్క చెరువునకు, ఒక్కొక్క బీడునకు ఏటేట చిత్రములు పోగుపడును. చెరువులు పూడి ఇండ్ల స్థలములగుచున్న ఈ కాలమున, ఏ పక్షి ఏల రాలేదో విచారించువానికి పక్షిబొమ్మ చాలదు. నిన్నటి నేల ఎట్లుండెనో చూపు బొమ్మ కావలెను. అట్టి సాక్ష్యమును నిలుపుట చిత్రకళకు తక్కువ పని కాదనియు, కళగా దానిని ఏమాత్రము తగ్గింపదనియు లిల్యెఫోర్స్ జీవితమంతయు ఋజువు చేసియున్నది.